ఆరకూడని బట్టీ

మా అక్క బ్యాంకులో పని చేసేదంటే చాలామంది నమ్మేవారు కాదు. అందరికంటే ముందు నమ్మనిది మా అమ్మ.

"మీ బ్యాంకులో డబ్బు దాచుకోవచ్చా?" అని అడిగింది, అక్క ఉద్యోగంలో చేరిన కొత్తల్లో.

"కుదరదమ్మా."

"పోనీ, నా గాజులు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చా?"

"అదీ కుదరదు."

"వేయడానికీ లేదు, తీయడానికీ లేదు. మరి బ్యాంకని ఆ బోర్డెందుకే?"

అక్క నవ్వి, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మన వీధి చివరి బ్యాంకు జనం దాచుకున్న డబ్బుతో నడుస్తుంది. వాళ్లు ఎప్పుడొచ్చి అడుగుతారో తెలియదు కాబట్టి, అది ఇచ్చే అప్పు కూడా త్వరగా తిరిగి రావాలి. కొట్టువాడికి సరుకు కొనడానికి ఇస్తుంది, సరుకు అమ్ముడుపోగానే తీసుకుంటుంది. ఫ్యాక్టరీ కట్టేవాడి సంగతి వేరు. గోడలు లేవాలి, మిషన్లు రావాలి, పనివాళ్లకు చెయ్యి తిరగాలి. లాభం మొహం చూడటానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆగగలిగే డబ్బు మామూలు బ్యాంకు దగ్గర ఉండదు. అందుకని ప్రభుత్వమే ఒక బ్యాంకు పెట్టి, బాండ్లు అమ్మో, పై దేశాల దగ్గర తెచ్చో, దాన్ని నిదానంగా తీర్చుకునేలా ఫ్యాక్టరీలకు ఇస్తుంది. అభివృద్ధి బ్యాంకు అంటే అదీ.

"వాళ్లు ఆకుకూర మడికిస్తారమ్మా. మేం కాపుకు రావడానికి ఏళ్లు పట్టే చెట్టుకిస్తాం."

"ఈలోగా మొక్కని మేక తినేస్తే?"

"కంచె వేశారో లేదో చూసి రావడమే నా ఉద్యోగం."

అమ్మకు అది బాగా నచ్చింది. పక్కింటివాళ్లు అడిగితే, "మా అమ్మాయి గవర్నమెంటులో మేకల్ని తోలే ఆఫీసరు" అని చెప్పేది.

అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆమె వెళ్లి చూసి, సరేనన్న ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అగ్గిపెట్టెలు, పైపులు, సైకిలు గొలుసులు, ప్లాస్టరు కట్లు. అన్నిటి గురించీ నాకు తెలియదు. నేను కళ్లారా చూసింది సీసాల ఫ్యాక్టరీ ఒక్కటే కాబట్టి దాని గురించే రాస్తాను.

ఇంజనీరింగు చదివిన అక్కకు పని విషయంలో కొన్ని పట్టింపులుండేవి. నైలాను బట్ట ఒంటిమీద వేసేది కాదు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుందని. అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర మంచినీళ్లు కూడా ముట్టేది కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కు తీసుకెళ్లేది. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, యజమాని ఏది చూపించాలని తొందరపడతాడో దాన్ని ఆఖర్న చూసేది. ముందు పనివాళ్ల స్నానాలగది, తర్వాత చెత్త పోసే చోటు, ఆ తర్వాతే కొత్త మిషను. "పెళ్లికూతుర్ని ఎవరైనా ముస్తాబు చేస్తారు, వంటింటి వెనకాల చూడాలి" అనేది.

సీసాల ఫ్యాక్టరీ పెట్టినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. చదువు పెద్దగా లేదు. కుర్రతనం నుంచీ పాత సీసాల వ్యాపారం. ఇంటింటికీ తిరిగి ఖాళీ సీసాలు కొనడం, కడిగించడం, అమ్మడం. మందుల కంపెనీలు మాత్రం పాతవి కొనవు. వాటికి కొత్త సీసాలు కావాలి. మా దేశంలో అప్పటికి ఆ తరహా సీసా చేసేవాడు లేడు. అన్నీ ఓడలో వచ్చేవి.

"సీసాలో ఏముంటుంది? గాలి," అనేది అక్క. "పై దేశం నుంచి గాలికి ఓడ కిరాయి కట్టి తెచ్చుకుంటున్నాం. మనకి ఇసుక లేదా, గాలి లేదా?"

పెద్దాయన మామూలు బ్యాంకుకు వెళ్తే, "ఆర్నెల్లలో తీరుస్తావా?" అని అడిగారట. "ఆర్నెల్లకి ఇటుకలు కూడా ఆరవు" అని ఆయన లేచి వచ్చేశాడు. అలా అక్క బ్యాంకుకు చేరాడు. ఎంత పెట్టుబడి కావాలి, ఎన్నాళ్లకు నడుస్తుంది, తీర్చడం ఎప్పుడు మొదలుపెట్టగలడు అన్నవన్నీ అక్కే అంచనా కట్టింది. అప్పు మంజూరైంది.

బట్టీ వెలిగించిన రోజున పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. గాజు కరిగించే బట్టీ అంటే ఇటుకల గది. లోపల చెరువులా గాజు. పైన ఇటుకల కప్పు. నూనె మంట ఆ కప్పు కింద ఒక గోడ నుంచి రెండో గోడ దాకా నాలుక చాస్తుంది. చూడటానికి చిన్న కంత, దానికి నల్లటి అద్దం. వెలిగించడమంటే అగ్గిపుల్ల గీయడం కాదు. రోజుకింత చొప్పున నెమ్మదిగా వేడి పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే ఇటుకలు పగులుతాయి. ఒకసారి కాగాక ఇక చల్లారకూడదు. చల్లారితే లోపలి గాజు బండలా గడ్డకడుతుంది, కప్పు ఇటుకలు ముడుచుకుని చిట్లి కిందికి దిగుతాయి. అందుకే సెలవులైనా, సమ్మె అయినా, ఓనరు చచ్చినా బట్టీ మండుతూనే ఉండాలి.

"పసిబిడ్డ నయం, అప్పుడప్పుడైనా నిద్రపోతుంది" అన్నాడు పెద్దాయన ఆ రోజు.

అక్క అంచనా తప్పింది ఆ తర్వాతే. మిషను అమ్మిన పై దేశం కంపెనీ, పనివాళ్లు ఏడాదిలో నేర్చుకుంటారని రాసిచ్చింది. అక్క జాగ్రత్త కొద్దీ రెండేళ్లు వేసింది. అక్కడి పనివాళ్ల తండ్రులూ తాతలూ గాజులోనే పుట్టి పెరిగినవాళ్లని ఆమెకు తట్టలేదు. మా వాళ్లలో ఒకడు నిన్నటిదాకా కూరగాయల బండి తోసినవాడు, ఇంకొకడు సినిమాహాలులో టికెట్లు చింపినవాడు. గాజు ఎంత చిక్కగా ఉన్నప్పుడు కత్తెర పడాలో, మూసకి నూనె ఎప్పుడు రాయాలో చేతికి తెలియాలి, కాగితానికి తెలిస్తే చాలదు. సీసాలో బుడగ వచ్చేది, మెడ వంకర పోయేది. అన్నిటికంటే పాడు జబ్బు గాజు పోగు. సీసా లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి సాలెదారంలాంటి సన్నటి గాజు తీగ. విరిగి మందులో పడితే రోగి గొంతులోకి వెళ్తుంది. వెలుతురు బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ప్రతి సీసానీ వెలుగుకు పట్టి చూసి, పోగున్నవి తీసేసేవారు. తీసేసినవి పగలగొట్టి మళ్లీ బట్టీలో వేయాలి.

అక్కకు ఆ పిచ్చి ఇంటికీ పాకింది. దగ్గుమందు కొంటే సీసా ముందు అక్క చేతికి వెళ్లేది, ఆ తర్వాతే దగ్గేవాళ్ల దగ్గరికి. "దగ్గు తగ్గేలోగా చూడటం పూర్తవుతుందా తల్లీ?" అనేది అమ్మ.

రెండేళ్ల గడువు దాటింది, మూడూ దాటింది. వాయిదాలు ఆగాయి. పైగా, పనివాళ్లకు అప్పుడప్పుడే చెయ్యి కుదురుతున్న సమయంలో, వాళ్ల సీసాలు కొంటున్న ఒక్క మందుల కంపెనీ కూడా కొనడం మానేసింది. బట్టీ నూనెకీ, గాజులో కలిపే సోడాకీ రోజువారీ డబ్బిచ్చే మామూలు బ్యాంకు అది చూసి చేతులెత్తేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నూనె ట్యాంకులో ఉన్నది కొద్ది రోజులకే. సీసాలు తీయడం ఆపి, గాజు గడ్డకట్టకుండా ఉండేంత మంట మాత్రం పెట్టుకుని కూర్చున్నారు.

అక్క బ్యాంకులో వసూళ్ల ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. ఆయన వెళ్లిన ప్రతి చోటా తాళం పడేది కాబట్టి అందరూ తాళాల సారు అనేవారు. చెడ్డవాడు కాదు. బ్యాంకు సొమ్ము ప్రజల సొమ్మని నిజంగా నమ్మినవాడు. సీసాల ఫ్యాక్టరీకి సీలు వేయాలని రాశాడు. నిర్ణయానికి కమిటీ కూర్చునే రోజు కూడా ఖాయమైంది.

"ఎంత మంచి ఆఫీసరు! ఆస్తి కాపాడాలని ఆస్తికే ఉరి వేస్తున్నాడు," అంది అక్క ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే.

"తాళం వేస్తే నీకేం పోయిందే? నీ డబ్బా?" అంది అమ్మ.

"నేను సరేనంటేనే కట్టారమ్మా. దాని మీద నాలుగు వీధులు బతుకుతున్నాయి. ఆరిందంటే మళ్లీ వెలిగించేవాడుండడు. ఇంకెవరైనా సీసాల ఫ్యాక్టరీ పెడతానంటే మా బ్యాంకు ఆ శవాన్ని చూపించి పొమ్మంటుంది."

మర్నాడు అక్క సెలవు పెట్టింది. బ్యాంకు పనిగా వెళ్తే తాళాల సారు ముందు వెళ్లి నిలబడతాడని, బస్సులో సొంతంగా బయల్దేరింది. సంచి మోయడానికి నన్ను తీసుకెళ్లింది.

ఫ్యాక్టరీ నిశ్శబ్దంగా ఉంది. మిషన్లు ఆగిపోయినా బట్టీ గురగురమంటూనే ఉంది, గురక పెట్టే మనిషిలా. పెద్దాయన గేటు దాకా ఎదురొచ్చాడు. "టీ తాగవని తెలుసు. మా సీసాలో మీ ఇంటి నీళ్లు పోసిస్తే తాగుతావా అమ్మాయీ?"

"ముందు పని కానివ్వండి," అంది అక్క.

గోడౌనులో నిల్వ ఉన్న ఆఖరి నెలల సీసాలు తనకు తోచిన పెట్టెల్లోంచి తీయించి, వెలుతురు బల్ల ముందు తనే కూర్చుంది. మధ్యాహ్నమైపోయింది. నేను బయట గోడ నీడన కునుకు తీసి లేచేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది. బుడగలు అక్కడక్కడా ఉన్నాయి గానీ పోగున్న సీసా ఒక్కటీ దొరకలేదు.

"నేర్చుకున్నార్రా," అంది నాతో. "వీళ్లు నేర్చుకున్నారు. ఇంతకాలం మనం కట్టింది ఇటుకలు కాదు, ఇదే."

తర్వాత అలవాటు ప్రకారం చెత్త పోసే చోటుకి వెళ్లింది. పగిలిన గాజు గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. వెలుగు మెల్లగా తగ్గింది ఆమె మొహంలో.

"మూడేళ్లలో తీసేసిన సీసాలు లెక్కలేనన్ని కదండీ. గుట్ట ఇంతే ఉందేం?"

"బట్టీలో వేశాం కదమ్మాయీ."

"వేసింది ఎంతో నాకు తెలుసు. మిగతావి?"

పెద్దాయన తల గోక్కున్నాడు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "బుడగలున్నవీ, వంకరవీ మాత్రం పగలగొట్టించాను. ఆ పోగు సీసాలు... పైకి చూస్తే నిండు చందమామల్లా ఉంటాయి. నలభై ఏళ్లు పాత సీసాలతో బతికినవాణ్ణి. మంచి సీసా పగలగొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఫినాయిలు వాళ్లకీ, సిరా వాళ్లకీ అమ్మాను. మందుకి వాడొద్దని చెప్పే ఇచ్చాను."

"వాళ్లు వాడి పారేశాక?"

ఆయన ఒక గాజు పెంకుని కాలితో గుట్టలోకి తోశాడు. చెప్పాల్సిన పని లేదు. పాత సీసాలు ఎక్కడికి వెళ్తాయో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. కడిగి మళ్లీ అమ్ముతారు. అలాగే ఎవడో చిన్న సిరప్పుల వాడు కొన్నాడని చివరికి ఆయనే ఒప్పుకున్నాడు. ఆ సిరప్పులో గాజు ముక్క దొరికింది. సీసా అడుగున ఫ్యాక్టరీ గుర్తు ఉంది. అదృష్టం బాగుండి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, మందుల కంపెనీకి కబురందింది. వాళ్లు ఎందుకు మానేశారో అక్కకు అప్పుడర్థమైంది.

"కమిటీలో ఈ మాట నన్నడిగితే చెప్తానండీ," అంది. "అడక్కపోతే నా అంతట నేను ఎత్తను."

"అడుగుతారు," అన్నాడాయన.

"అడుగుతారు," అంది అక్క కూడా. వచ్చేటప్పుడు సంచిలో కొన్ని సీసాలు వేయించింది. నీళ్ల మాట ఇద్దరూ మర్చిపోయారు.

కమిటీ రోజున అక్క నన్ను బ్యాంకుకు రమ్మంది. "నాకోసం కాదు. ఆయన ఒక్కడే వస్తాడు. పక్కన కూర్చో. మధ్యలో లేచి వెళ్లిపోతాడేమో."

కమిటీ గది బయట వరండాలో చెక్క బల్ల. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి దాని అంచున కూర్చున్నాడు.

"అప్పు అడగడానికొచ్చినప్పుడూ ఇదే బల్ల," అన్నాడు. "అప్పుడింత గట్టిగా లేదు తమ్ముడూ. మీ అక్క ఇంట్లో కూడా ఇంత ఖచ్చితమేనా?"

"ఇంట్లో ఇంకా ఎక్కువండి."

"పాపం మీ అమ్మ," అని తలుపు వైపు తిరిగాడు.

లోపల జరిగింది అక్క తర్వాత చెప్పగా తెలిసింది.

తాళాల సారు సూటిగా మాట్లాడాడు. "తాళం వేస్తే ఆస్తి ఎక్కడికీ పోదు. వేయకపోతే ఏది ఎటు పోతుందో చెప్పలేం."

"లేత్ మిషనుకి తాళం వేస్తే తీసేనాటికి లేత్ మిషనే ఉంటుంది సార్," అంది అక్క. "బట్టీకి తాళం వేస్తే తీసేనాటికి రాళ్లగుట్ట ఉంటుంది. వేలంలో రాళ్లు ఎవరు పాడతారు?"

"అయితే నూనెకి మనం డబ్బివ్వాలా? మనం మిషన్లకిస్తాం, సరుక్కి కాదు. రూలు మీకు తెలుసు."

"మొదటిసారి వెలిగించినప్పుడు నూనె ఖర్చు ప్రాజెక్టులోనే కలిపాం సార్. ఇటుకలు పేర్చగానే బట్టీ కాదు, కాగితేనే బట్టీ అని మనమే ఒప్పుకున్నాం. ఇప్పుడు ఆరితే కొత్త ఇటుకలకీ మనమే, మళ్లీ కాచడానికీ మనమే. వడ్డీ ఆశకి పోయి అసలుకే మోసం తెచ్చుకున్నట్టు."

ఛైర్మన్ గారు పెద్దమనిషి, తొందరపడి మాట్లాడరు. "రెండేళ్లలో నడుస్తుందని రాసింది మీరే కదమ్మా?"

"నేనే సార్. తప్పు అక్కడే ఉంది. మిషను అమ్మినవాళ్ల మాట పట్టుకున్నాను. వాళ్ల దేశంలో చెయ్యి తిరిగే కాలం వేరు, మన దగ్గర వేరు. గడువు తక్కువిచ్చింది నేను. ఆ మాట రాసిస్తాను."

"ఇప్పుడు చెయ్యి తిరిగిందని ఎలా నమ్మడం?"

అక్క సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఛైర్మన్ గారు ఒకటి ఎత్తి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"ఏముంది ఇందులో?"

"ఏమీ లేదు సార్. అదే నేను చెప్పేది."

గదిలో కొందరు నవ్వారట. తాళాల సారు నవ్వలేదు. "ఇంత బాగుంటే మందుల కంపెనీ ఎందుకు మానేసింది?" అన్నాడు.

ఆ ప్రశ్న వచ్చేసింది. అక్క చెప్పింది. గుట్ట సంగతి, పోగు సీసాలు అమ్మిన సంగతి, గాజు ముక్క సంగతి, అన్నీ. చెప్తున్నంతసేపూ తలుపు అవతల ఆయన కూర్చున్న బల్లే కళ్లముందు కనిపించిందని తర్వాత అమ్మతో అంది. "చెప్పకుండా ఉండాల్సిందేమోనే?" అంది అమ్మ. "అదే ఫ్యాక్టరీ సీసాలో నీకు దగ్గుమందు పోస్తే తాగుతావా?" అంది అక్క.

తేలిందేమిటంటే, బట్టీ నిలబడటానికి సరిపడా నూనెకి బ్యాంకు ఇస్తుంది. తీర్చే గడువు పెంచుతుంది. అప్పులో కొంత భాగాన్ని ఫ్యాక్టరీలో వాటాగా మార్చుకుంటుంది. మామూలు బ్యాంకుతోనూ మందుల కంపెనీతోనూ ఛైర్మన్ గారే మాట్లాడతారు. కానీ పెద్దాయన దిగిపోవాలి. ఆయన వాటా ఆయనకుంటుంది, మాట చెల్లదు. సరైన మనిషి దొరికేదాకా ఆ కుర్చీలో బ్యాంకు తరఫున అక్క కూర్చోవాలి.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మందుల కంపెనీ ఒక పట్టాన దిగిరాలేదు. అక్క వాళ్ల గుమ్మం చాలాసార్లు తొక్కింది. అప్పు తీరడానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే పట్టింది, కానీ తీరింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే ఇంకో ఊళ్లో మరో సీసాల ఫ్యాక్టరీ నిలబెట్టారు. తప్పు తనదని రాసిచ్చినందుకు అక్కకు రావాల్సిన ప్రమోషను చాలాకాలం ఆగింది. తాళాల సారుకి ముందు వచ్చింది. పెద్దాయన మళ్లీ ఆ గేటు తొక్కలేదు. పాత సీసాల కొట్టుకే తిరిగి వెళ్లాడు. అక్కతో మాట్లాడటం మానలేదు గానీ, అమ్మాయీ అనడం మాత్రం మానేశాడు. మేడం అనేవాడు.

కమిటీ జరిగిన ఆ రోజు తలుపు తెరుచుకుని అక్క బయటికొచ్చేసరికి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆమె ఏదీ దాచకుండా, ఉన్నదున్నట్టు, నిలబడే చెప్పింది. ఆయన అంతా విని ఒకే మాట అడిగాడు.

"బట్టీ ఆరదుగా?"

"ఆరదండి."

ఆయన తల ఊపాడు. కాస్త ఆగి, "నా కుర్చీ ఒక పక్కకి కుంటుతుంది. అట్టముక్క పెట్టుకుని కూర్చో," అన్నాడు.

వరండా చివర గుమాస్తా బల్ల మీద ఫోను ఉంది. అక్క ఫ్యాక్టరీకి కలపమంది. పెద్దాయన ఆమె వెనకాలే వెళ్లి, చెయ్యి చాపినంత దూరంలో ఆగిపోయాడు. అవతల బట్టీ చూసే మేస్త్రీ ఎత్తాడు. రేపటికల్లా నూనె వస్తుందని, ఉన్నది ఇక దాచుకోనక్కర్లేదని అక్క చెప్పింది. అవతల కేకలు వినిపించాయి.

"కంతలోంచి చూస్తే రంగెలా ఉందో అడుగు," అన్నాడు పెద్దాయన, నేలవైపు చూస్తూ.

అక్క అడిగింది. మేస్త్రీ వెళ్లి చూసి వచ్చేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం.

"నారింజ రంగులో ఉందట."

"నెమ్మదిగా పెంచమను. తొందరపడొద్దను. కప్పు తెల్లబడ్డాకే మిషన్లు తిప్పమను."

అక్క ఒక్కో మాటే ఫోనులో చెప్పింది. మేస్త్రీ ఏదో అడిగినట్టున్నాడు. ఆమె రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి పెద్దాయన వైపు తిరిగింది.

"ఈ మాట ఎవరు చెప్పారని అడుగుతున్నాడండి."

"నువ్వే చెప్పినట్టు చెప్పు," అన్నాడాయన.